కిన్నెర కథ: ఊరి అరుగు నుంచి సినిమా తెరకు

కథ చెప్పే సాధనం మారినప్పుడు మౌఖిక వీరగాథలో ఏది నిలుస్తుంది, ఏది జారిపోతుంది, గాయకుడి జీవిక ఏమవుతుంది అన్న విషయాలను ఈ భాగంలో పరిశీలిద్దాం. ఇందుకు నాగర్‌కర్నూల్ జిల్లా లింగాల మండలానికి చెందిన పన్నెండు మెట్ల కిన్నెర కళాకారుడు దర్శనం మొగులయ్యను ఉదాహరణగా తీసుకుందాం.

1. పూర్వరంగం

పాలమూరు ప్రాంతానికి ఇలాంటి మార్పు కొత్త కాదు. గద్వాల, వనపర్తి సంస్థానాలు కవిపండితులను పోషించాయి. గద్వాలకు ‘విద్వద్గద్వాల’ అనే పేరు కూడా వచ్చింది. అక్కడ కవి ప్రభువు ఎదుట పద్యం చదివి సత్కారం పొందేవాడు. అచ్చుయంత్రం వచ్చాక అతనికి ముఖపరిచయం లేని పాఠకుడు ఏర్పడ్డాడు. గద్వాల ప్రాంతీయుడైన సురవరం ప్రతాపరెడ్డి 1926లో గోలకొండ పత్రికను స్థాపించారు. 1934లో 354 మంది కవులతో గోలకొండ కవుల సంచికను వెలువరించారు. సభలో చదివిన పద్యం పత్రికలోనూ అదే పద్యంగా ఉంటుంది. కిన్నెర కథ అలా కాదు.

2. ఊళ్లో కథ

కిన్నెర సొరకాయ బుర్రలు అమర్చిన తంత్రీవాద్యం. దండి మీద వేళ్లు ఆనే స్థానాలే మెట్లు. కిన్నెరపై కథలు చెప్పడం డక్కలివారి వృత్తి, మాదిగలు వారి దాతలు. మొగులయ్య పాడే కథల్లో ప్రసిద్ధమైనది పండుగ సాయన్న కథ. ఉన్నవారిని దోచి పేదలకు పెట్టిన పాలమూరు వీరుడు సాయన్న. ఈ కథకు స్థిరమైన నిడివి లేదు. వినేవారు లీనమైన చోట గాయకుడు పెంచుతాడు, విసిగిన చోట కుదిస్తాడు. అంటే శ్రోత కూడా కథాకల్పనలో భాగస్వామి.

3. తెర మీద పాట

2021లో విడుదలైన ‘భీమ్లా నాయక్’ సినిమా టైటిల్ పాట మొగులయ్య గొంతుతో మొదలవుతుంది. అందులో నాయకుడి తండ్రి, తాత, ముత్తాతల పేర్లు వరుసగా వస్తాయి. ఇది వీరగాథలోని వంశకీర్తన. గాథలో వంశకీర్తన ఒక వాగ్దానం: ‘ఇక ఇతని కథ వినండి’ అని చెప్పడం. సినిమా పాటలో ఆ వాగ్దానం చేసిన గొంతు ఆగిపోతుంది, వేరే గొంతులు, వాద్యాలు అందుకుంటాయి. ప్రక్రియలోని ఒక అంగం మాత్రమే తెరకు చేరింది.

అయితే దీన్ని కళాభ్రంశం అనడం తొందరపాటు. పాలమూరు పలుకు, గొంతులోని గరుకుదనం మాసిపోలేదు. అదే ఏడాది మొగులయ్య ఆర్టీసీ బస్సు మీద కూడా పాట పాడారు. వీరుణ్ణి పొగిడే గొంతే బస్సునూ పొగిడింది. కొత్త వస్తువును పాత కట్టులో ఇమడ్చడం మౌఖిక కళాకారుడికి సంప్రదాయం నేర్పిన విద్యే. కొత్త సాధనానికి అలవాటు పడే శక్తి ఆయనకు అక్కడి నుంచే వచ్చింది.

4. జీవిక

2022లో మొగులయ్యకు పద్మశ్రీ లభించింది. 2024లో ఆయన హైదరాబాద్ శివార్లలో నిర్మాణ కూలీగా పనిచేస్తున్నట్లు పత్రికల్లో వార్తలు వచ్చాయి. ఈ రెండు విషయాలను పక్కపక్కన పెట్టి చూడండి. ఊళ్లో కథ చెప్పిన ప్రతిసారీ ఎంతో కొంత ముడుతుంది. రికార్డు చేసిన పాటను లక్షల మంది విన్నా, ఆ వినేవాడు గాయకుడి ఎదుట ఉండడు. సాంకేతికత గొంతును దూరం చేర్చగలదు, దాతను వెతికి తేలేదు. పేరు వేరు, జీవిక వేరు.

కాబట్టి విమర్శకుడు సినిమా పాటనే కిన్నెర కథ అనుకోకూడదు. ఫోన్ ఉన్న ప్రతి విద్యార్థీ తన ఊరి కళాకారుడి కథను శ్రోతల స్పందనతో సహా, మొదలు నుంచి చివరి దాకా, కళాకారుడి అనుమతితో, తగిన ప్రతిఫలం ఇచ్చి రికార్డు చేయవచ్చు. అప్పుడు మనం విమర్శించడానికి పూర్తి పాఠం దొరుకుతుంది.

మిమ్మల్ని మీరు పరీక్షించుకోండి

1. అచ్చులోకి వచ్చిన పద్యానికి, తెరకెక్కిన కిన్నెర కథకు భేదం ఏమిటి?
2. మీ ఊరి కళారూపం ఒకటి కొత్త సాధనంలోకి వెళ్లినప్పుడు ఏం నిలిచింది, ఏం పోయింది? కళాకారుడికి ఏం దక్కింది?