ఆపినవాడికి పాయింటు లేదు

1999 జూన్ 25 రాత్రి న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో శాన్ ఆంటోనియో స్పర్స్ 78-77తో నిక్స్‌ని ఓడించి తొలిసారి ఎన్‌బీఏ చాంపియన్ అయింది. ఫైనల్స్‌లో అయిదు మ్యాచ్‌లు జరిగితే ఒక్కదాంట్లోనూ ఏ జట్టూ వంద ముఖం చూడలేదు. రెండో మ్యాచ్‌లో నిక్స్ చేసింది 67. మనవాళ్లకి ఇవేమీ పట్టలేదు లెండి. కార్గిల్‌లో యుద్ధం నడుస్తోంది, క్రికెట్ ప్రపంచకప్ ముగిసి వారం కూడా కాలేదు. అమెరికాలో చూసినవాళ్లు మాత్రం ఆవులించారు. ఇలాగైతే ఈ ఆట ఎవరు చూస్తారని తలలు పట్టుకున్నవాళ్లూ ఉన్నారు.

ఆ ప్లేఆఫ్స్‌లో స్పర్స్ 17 మ్యాచ్‌లాడి 15 గెలిచింది. మధ్యలో వరసగా 12. అయినా గొప్ప జట్ల పేర్లు చెప్పమంటే ఆ ఏటి స్పర్స్ ఎవరి నోటా చప్పున రాదు. నాకైతే ముందు అదే గుర్తొస్తుంది. నేను ఆడిన కాస్త బాస్కెట్‌బాల్‌లో నన్ను బంతి బుట్టలో వేయడానికి పెట్టలేదు, వేసేవాణ్ని ఆపడానికి పెట్టారు. కాబట్టి నాకు పక్షపాతం ఉంది, ముందే చెప్పేస్తున్నా.

స్కోర్లు పడిపోయాయన్నది ఉత్తి మాట కాదు. 1984-85లో ఒక్కో జట్టు మ్యాచ్‌కి సగటున 110.8 పాయింట్లు చేసేది. 1998-99కి అది 91.6కి దిగింది. అదెంత తక్కువో తెలియాలంటే ఇంకా వెనక్కి వెళ్లాలి. 1950 నవంబరులో ఫోర్ట్ వేన్ పిస్టన్స్ జట్టు మినియాపొలిస్ లేకర్స్‌ని 19-18తో ఓడించింది. అవతల జార్జ్ మైకన్ ఉన్నాడు, అతని చేతికి బంతి చిక్కితే కష్టమని, దొరికిన బంతిని వదలకుండా పట్టుకు కూర్చున్నారు. లేకర్స్ చేసిన 18లో 15 మైకన్‌వే. ఇలాంటివి చూశాక సిరక్యూస్ జట్టు యజమాని డానీ బయాసొన్ ఒక లెక్క వేశాడు. మ్యాచ్ 48 నిమిషాలు, అంటే 2880 సెకన్లు. మంచి మ్యాచ్‌లో రెండు జట్లూ కలిపి 120 షాట్లు వేస్తాయి. భాగిస్తే 24. ఆ 24 సెకన్ల గడియారం వచ్చిన మొదటి సీజన్‌లోనే, 1954-55లో, సగటు 79.5 నుంచి 93.1కి ఎగిరింది. నలభై నాలుగేళ్ల తర్వాత, మూడు పాయింట్ల గీత కూడా వచ్చాక, లీగ్ దానికంటే కిందికి జారింది! 1999 ఏప్రిల్‌లోనే షికాగో బుల్స్ మయామీ మీద మ్యాచ్ మొత్తమ్మీద 49 పాయింట్లు చేసింది. వాళ్ల మైకేల్ జోర్డాన్ జనవరిలోనే రిటైరయ్యాడనుకోండి.

కారణాల్లో ఒకటి అందరికీ తెలిసిందే. యజమానులకీ ఆటగాళ్లకీ డబ్బు దగ్గర పేచీ వచ్చి సీజన్ ఫిబ్రవరి 5 దాకా మొదలే కాలేదు. 82 మ్యాచ్‌లు 50 అయ్యాయి, వాటినీ మూడు నెలల్లో కుక్కారు. కొన్ని జట్లు వరసగా మూడు రాత్రులు ఆడాయి. కాళ్లలో సత్తువ లేకపోతే షాట్ బుట్టదాకా పోదు.

అసలు తమాషా రెండో కారణంలో ఉంది. అప్పటి ఎన్‌బీఏలో మనిషిని కాయాలి గాని చోటుని కాయకూడదు. నీకు అప్పజెప్పినవాణ్ని వదిలేసి బుట్ట ముందు ఊరికే నిలబడితే ఇల్లీగల్ డిఫెన్స్. దాడికి వీలుండాలనే ఈ రూలు పెట్టారు. కోచ్‌లు దీన్ని మరోలా వాడుకున్నారు. ముగ్గుర్ని కోర్టు అవతలి పక్కకి పంపేస్తే, వాళ్లని కాసేవాళ్లూ రూలుకి కట్టుబడి వెంట పోవాలి. ఇవతల జట్టుకి ఇద్దరేసి మిగులుతారు. బంతి ఉన్నవాడు వీపు తిప్పి, డిఫెండర్‌ని నడుంతో నెట్టుకుంటూ, దబ్ దబ్ దబ్ అని బంతి కొడుతూ 15 సెకన్లు తినేస్తాడు. తక్కిన ఎనిమిదిమంది నడుం మీద చేతులేసుకుని చూస్తుంటారు. ఇక బయటినుంచి వచ్చేవాడి నడుం మీద డిఫెండర్ చెయ్యి వేసి తోసినా రెఫరీలు చూసీ చూడనట్టు పోయేవారు. ఇన్ని కలిశాక స్కోరు ఎక్కడినుంచి వస్తుంది? విసుగుకి కారణం డిఫెన్స్ అన్నారుగాని, నన్నడిగితే సగం నేరం ఆ రూలుది.

డిఫెన్స్ అంటే ఏమిటో కూడా కాస్త చెప్పాలి. మా డ్రిల్లు మాస్టారు సిమెంటు కోర్టు మీద మోకాళ్లు వంచి, పిరుదులు దించి, పాదాలు ఒకదానికొకటి తగలకుండా పక్కకి జరగమనేవారు. ఆ గీత నుంచి ఈ గీతకి, మళ్లీ వెనక్కి. తొడలు మండేవి. "బంతి చూడకురా, వాడి నడుం చూడు. కళ్లతో మోసం చేస్తాడు, భుజాలతో చేస్తాడు. నడుం ఎటు పోతే మనిషి అటే" అనేవారు. నిజమే. నడుం చూడటం వచ్చాక అవతలివాడికి నచ్చిన చోటికి వాడికంటే అరక్షణం ముందే చేరిపోతాం. వాడు ఆగి, బంతి పక్కవాడికి ఇచ్చేస్తాడు. అంతే, మన పని అయిపోయింది. దీన్ని ఎవరూ ఎక్కడా రాయరు. కబడ్డీలో కూతకొచ్చినవాణ్ని పట్టేస్తే పట్టినవాళ్లకి పాయింటు వస్తుంది. బాస్కెట్‌బాల్‌లో ఆపినవాడికి ఏమీ రాదు, ఎదుటివాడికి రావలసింది రాకుండా పోతుంది. ఎన్‌బీఏలో బ్లాకులు, స్టీళ్లు లెక్కరాయడమే 1973-74లో మొదలైంది. పదమూడు సీజన్లలో 11 టైటిళ్లు గెలిచిన బిల్ రసెల్ అప్పటికే రిటైరయ్యాడు. ఆయన ఎన్ని షాట్లు ఆపాడో అధికారిక లెక్కే లేదు.

ఆ 1999 జట్టు మొదట్లో 6 గెలిచి 8 ఓడింది. కోచ్ గ్రెగ్ పాపోవిచ్ ఉద్యోగం ఊడుతుందని అంతా అనుకున్నారు. మిగిలిన 36లో 31 గెలిచారు. జట్టుకి వెన్నెముకలు ఇద్దరు, టిమ్ డంకన్, డేవిడ్ రాబిన్సన్. రాబిన్సన్ 1994లో ఒకే మ్యాచ్‌లో 71 పాయింట్లు చేసి ఆ ఏడు లీగ్ టాప్ స్కోరరైన మనిషి. ఏడడుగుల ఒక అంగుళం. 1999కి దాడి బాధ్యత 23 ఏళ్ల డంకన్‌కి వదిలేసి తాను బుట్టకి కాపలా కాశాడు. స్టార్ అన్నవాడు ఇలా పక్కకి జరగడం ఏ ఆటలోనైనా అరుదు, సినిమాల్లో అయితే అసలు చూడం. డంకన్ ఫైనల్స్‌లో సగటున 27.4 పాయింట్లు చేశాడు. ఎక్కువగా బోర్డుకి కొట్టి బుట్టలో పడేసే పాతకాలపు షాట్లే. పడ్డాక ముఖంలో ఏ మార్పూ ఉండదు.

ఆ ప్లేఆఫ్స్‌లో జనానికి గుర్తున్నది ఒకే షాట్. మే 31, పోర్ట్‌లాండ్‌తో రెండో మ్యాచ్. స్పర్స్ 83-85తో వెనకబడి ఉంది. షాన్ ఎలియట్ కోర్టు అంచు గీత పక్కనే పాస్ అందుకుని తూలాడు. మడమ నేలకి ఆనితే గీత తొక్కినట్టే. మునివేళ్ల మీద నిలబడి మూడు పాయింట్ల షాట్ వేశాడు. 86-85. అప్పటికే అతని కిడ్నీలు పాడై ఉన్నాయి. ఆగస్టులో అన్న నోయెల్ కిడ్నీ ఇచ్చాడు. గుర్తుండదగ్గ షాటే, కాదనను. కానీ అది పడ్డాక గడియారంలో ఇంకా 9 సెకన్లున్నాయి. పోర్ట్‌లాండ్ ఒక్క బుట్ట వేస్తే ఎలియట్ కథ అక్కడే ముగిసేది. వేయనివ్వలేదు. ఆ 9 సెకన్ల గురించి ఎవరు మాట్లాడతారు? తర్వాతి మ్యాచ్‌లో వాళ్ల ఊళ్లోనే వాళ్లని 63కి కట్టేశారు.

పాయింట్లు చేయడం చేతకాక ఇలా ఆడారనుకుంటే పొరపాటు. ముందు రౌండ్లో షకీల్ ఒనీల్, కోబీ బ్రయంట్‌ల లేకర్స్ మీద ఆఖరి మ్యాచ్‌లో 118 చేసి 4-0తో ఇంటికి పంపారు. తమ ఫోరమ్ స్టేడియంలో లేకర్స్ ఆడిన చివరి ప్లేఆఫ్ మ్యాచ్ అదే. అయినా తర్వాత కోచ్ ఫిల్ జాక్సన్ ఈ టైటిల్ పక్కన చుక్క గుర్తు పెట్టాలన్నట్టు మాట్లాడాడు, సీజన్ పొట్టిదని. అందరూ అవే 50 మ్యాచ్‌లు ఆడారు మరి.

లీగ్ కంగారుపడి రూళ్లు మార్చుకుంటూ పోయింది. 2001-02లో ఇల్లీగల్ డిఫెన్స్‌ని ఎత్తేసింది. చోటుని కాసుకోండి, కాకపోతే బుట్ట ముందు మూడు సెకన్లకి మించి ఊరికే నిలబడొద్దంది. 2004-05లో బంతి ఉన్నవాడి మీద చెయ్యి వేస్తే ఫౌలేనని గట్టిగా పట్టుకుంది. సగటు ఒక్క ఏడాదిలో 93.4 నుంచి 97.2కి పెరిగింది. ఇప్పుడది 110 దాటిపోయింది. అయితే చెయ్యి వెయ్యొద్దన్న ఆ ఏడే ఫైనల్స్‌కి వచ్చినవి స్పర్స్, డెట్రాయిట్ పిస్టన్స్. రెండూ ఆపే జట్లే. పోరు ఏడో మ్యాచ్ దాకా వెళ్లి 81-74తో తేలింది. గెలిచింది మళ్లీ డంకన్ వాళ్లే.