పావులూరి మల్లన చదరంగ పద్యం: సంఖ్య, ఛందస్సు, పాఠనిర్ణయం

సాహిత్య చరిత్రలు పావులూరి మల్లనను తొలి తెలుగు శాస్త్రకవిగా పేర్కొని ముందుకు సాగిపోతాయి. మహావీరాచార్యుని గణితసారసంగ్రహాన్ని తెనిగించాడనీ, ఆయన కాలం 11వ శతాబ్దమా 12వ శతాబ్దమా అన్నది వివాదాస్పదమనీ చెప్పడంతో ప్రస్తావన ముగుస్తుంది. ఆయన పేర ప్రసిద్ధమైన చదరంగ పద్యాన్ని పద్యంగా పరిశీలించిన విమర్శ తక్కువ.

చదరంగపు 64 గళ్లలో ఒకటి, రెండు, నాలుగు చొప్పున రెట్టిస్తూ పోతే వచ్చే మొత్తం 18446744073709551615. ఈ ఇరవై అంకెలను మల్లన ఒక చంపకమాలలో భూతసంఖ్యలుగా కూర్చాడు. ఒకట్ల స్థానం మొదట వస్తుంది కనుక శ్రోత విన్నదాన్ని కుడి నుంచి ఎడమకు రాసుకోవాలి. లెక్క చేసింది కవే అయినా సంఖ్యకు రూపు కట్టేది శ్రోత. పొడుపుకథకుండే ఆకర్షణ దీనికి అక్కడే వచ్చింది.

పదాల ఎంపిక గమనింపదగినది. ఐదు మూడుసార్లు వస్తుంది: రెండుసార్లు ‘శర’, ఒకసారి ‘సాయక’. ఇది కేవలం వైవిధ్యం కోసం కాదు. ఆ చోటు పదకొండవ అక్షరం, యతిస్థానం. అక్కడ గురువు కావాలి. రెండు లఘువుల ‘శర’ ఇమడదు. ఆరుకు ఒకచోట వస్తుసంకేతమే లేదు, ‘షట్క’ అనే సంఖ్యావాచకమే పడింది; రెండవచోట యతి కోసం ‘తర్క’ వచ్చింది. ‘భూధర’, ‘కుంజర’ పాదాంతంలో విరిగి, తరువాతి పాదాలకు రేఫ ప్రాసను అందిస్తాయి. వాటి స్థానంలో పర్యాయపదాలు సులభంగా కుదరవు.

పరిష్కర్తకు ఇది అరుదైన సౌకర్యం. లేఖకుడు ‘గగన’ను ‘నయన’ చేస్తే ఛందస్సు ఒప్పుకుంటుంది, గుణకారం ఒప్పుకోదు. అయితే ‘శశి’ స్థానంలో ‘విధు’ చేరితే రెండూ మౌనం వహిస్తాయి. కనుక సంఖ్య సరిపోయింది కాబట్టి పాఠం సరైనదేనన్న వాదం సగమే నిలుస్తుంది. తక్కిన సగానికి ప్రతుల సాక్ష్యమే శరణ్యం.

గళ్లకు గింజలడిగిన పండితుని కథను ఈ పద్యంతో జోడించి చెప్పడం కద్దు. పద్యంలో గింజా లేదు, రాజూ లేడు. గళ్లూ రెట్టింపూ మాత్రమే ఉన్నాయి. కథ ఎందుకు అవసరమైందో ఊహించవచ్చు. అంకెల వరస పరిమాణాన్ని చూపదు. ఉస్మాన్‌గంజ్ వంటి టోకు బజారులో గింజను ఎవరూ లెక్కించరు, బస్తాయే ప్రమాణం. బియ్యపు గింజ 25 మిల్లీగ్రాములనుకుని క్వింటాలు బస్తాలుగా మారిస్తే, సుమారు 4.6 లక్షల కోట్ల బస్తాలుగా ఆ సంఖ్య వ్యవహారంలోకి దిగుతుంది. పద్యం ఆ పని చేయదు. చంద్రుని మూడు పేర్లతో, పర్వతాన్ని మూడు పేర్లతో పిలిచి, సముద్రాన్నీ ఏనుగునూ వరసలో నిలిపి ఊరుకుంటుంది.