పెద్ద చేప వద్దు, పరిగె చాలు

చిన్నపిల్లలకు గాలం వేయడం నేర్పాలనుకునే పెద్దవాళ్లు ముందుగా పెద్ద చేప మీద ఆశ వదులుకోవాలి. రెండు కిలోల బొచ్చె కోసం పొద్దంతా గట్టు మీద కూర్చోబెడితే ఆరేళ్ల పిల్లకు దక్కేది ఎండ, విసుగు. అదే గట్టు వారన, వేలెడంత పరిగెల కోసం గాలం వేస్తే బెండు మాటిమాటికీ కదులుతుంది. కదిలిన ప్రతిసారీ పిల్ల చూపు అక్కడే నిలుస్తుంది. చేప పడినా పడకపోయినా కళ్లెదుట జరిగేదాన్ని ఓపికగా గమనించడం అలవడుతుంది. పిల్లలకు గాలం నేర్పే అసలు విద్య అదే. చేప ఆ విద్యకు దొరికే బహుమతి.

మన నేలకు ఇది కొత్త సరదా కాదు. 1126 నుంచి 1138 వరకు కల్యాణి రాజధానిగా పాలించిన చాళుక్య రాజు మూడో సోమేశ్వరుడు తన ‘మానసోల్లాసం’ గ్రంథంలో రాజవినోదాల సరసన మత్స్యవినోదాన్నీ చేర్చాడు. చేపల రకాలు, వాటికి వేసే మేత, గాలంతో పట్టే తీరు అందులో వివరించాడు. అప్పట్లో మన కాకతీయులు ఆ చాళుక్యులకు సామంతులు. రాజు గ్రంథానికెక్కించిన ఈ విద్య ఊళ్లలో మాత్రం పుస్తకం అవసరం లేకుండానే సాగింది. తాత కట్టి ఇస్తే మనవడు పట్టాడు, అన్న వేస్తుంటే తమ్ముడు చూసి నేర్చుకున్నాడు. చెరువు, వాగు, పంటకాలువ ఉన్న ఊళ్లలో వేసవి సెలవులంటే అదే పని.

గాలం కట్టడం

పిల్లల చేతికి రీలున్న ఖరీదైన రాడ్ ఇవ్వనక్కర్లేదు. 5, 6 అడుగుల సన్నటి వెదురు కర్ర చాలు. కర్ర ఎంత పొడవుంటే తంగూసు దారం కూడా అంతే ఉండాలి. అప్పుడు కర్ర ఎత్తగానే చేప ఊగుతూ నేరుగా పిల్ల చేతికందుతుంది, దారం చిక్కుపడదు. కొక్కేల నంబరు పెరిగేకొద్దీ కొక్కెం చిన్నదవుతుంది. పరిగెలకు, అంటే తెలంగాణలో పరకలనే చిన్న చేపలకు, 12 లేదా 14 నంబరు సరిపోతుంది. కొక్కెం కొనకు వెనక్కి తిరిగి ఉండే చిన్న ముల్లును పట్టకారుతో నొక్కేయండి. చేప నోటికి గాయం తగ్గుతుంది. పొరపాటున పిల్ల వేలికి గుచ్చుకున్నా తేలిగ్గా బయటికొస్తుంది.

ముడి వేయడం పిల్లలకే వదిలేయండి. దారాన్ని కొక్కెం చెవిలోంచి దూర్చి, అసలు దారం చుట్టూ అయిదు మెలికలు తిప్పి, చెవి పక్కన మిగిలిన సందులోంచి కొసను లాగాలి. బిగించే ముందు ముడిని నీళ్లతో తడపాలి. పొడిగా బిగిస్తే రాపిడి వేడికి తంగూసు బలహీనపడుతుంది. బెండుకు నెమలీక కాడ శ్రేష్ఠం. అది లేకపోతే జొన్న బెండు గానీ, తెగిన రబ్బరు చెప్పులో కోసిన ముక్క గానీ పనికొస్తుంది. బరువుకు సీసం ముక్క కట్టి దాన్ని పళ్లతో నొక్కడం చాలామందికి అలవాటు. సీసం విషం. చెరువుల్లో పడిన సీసపు గుండ్లు మింగి హంసలు చచ్చిపోతుంటే 1987లో బ్రిటన్ చిన్న సీసపు బరువులను నిషేధించింది. పిల్లల గాలానికి చిన్న ఇనుప నట్టు కడితే సరి.

ఎర, చోటు, వేళ

ఎర్రలు తవ్వడంతోనే ఆట మొదలవుతుంది. స్నానాల గది నీళ్లు పారే చోట, పేడకుప్ప పక్కన తడి మట్టి పెళ్లగిస్తే దొరుకుతాయి. వాటిని తడి మట్టితో పాటు కొబ్బరి చిప్పలో వేసుకోవాలి. వానపామును ముట్టుకోవడానికి జంకే పిల్లలను బలవంతం చేయకండి. గోధుమపిండి ముద్దకూ పరిగెలు వస్తాయి. తవుడు, వేరుశనగ చెక్క కలిపిన ఉండను ముందుగా నీళ్లలో వేస్తే చేపలు అక్కడికి చేరతాయి.

ఎండాకాలం మిట్టమధ్యాహ్నం గాలం వేసి లాభం లేదు. నీళ్లు వేడెక్కితే అందులో ప్రాణవాయువు తగ్గుతుంది. చేపలు లోతుకో, నీడకో పోతాయి. పొద్దున్నే గానీ, చల్లబడ్డాక గానీ వెళ్లాలి. తుంగ మొలిచిన అంచు, తామరాకుల పక్కనున్న ఖాళీ, కాలువ మలుపులో నీళ్లు నెమ్మదించే చోటు మంచివి.

అక్కడ పెద్దలు చేసే మొదటి హెచ్చరిక “మాట్లాడొద్దు” అని. నిజానికి గాలిలో పుట్టిన మాట చాలావరకు నీటి పైపొర దగ్గరే వెనక్కి మళ్లుతుంది. గట్టు మీద గెంతితే మాత్రం ఆ అదురు నేలలోంచి నీళ్లలోకి పోతుంది. చేప ఒంటికి రెండు పక్కలా, తల నుంచి తోక దాకా ఉండే సన్నటి గీత ఆ కదలికను పట్టేస్తుంది. కాబట్టి కబుర్లు సాగనివ్వండి, గంతులు ఆపండి. నీడ నీళ్ల మీద పడకుండా కూర్చోండి.

బెండు భాష

బెండు నిలువుగా నిలబడేలా, ఎర నేలకు జానెడు పైన వేలాడేలా దారం సరిచూసుకోవాలి. ఆ తర్వాత బెండు చేసే ప్రతి కదలికకూ ఒక అర్థం ఉంటుంది. టపటప అదిరి ఊరుకుంటే పరిగెలు ఎరను కొరుకుతున్నాయి, ఇంకా మింగలేదు. పక్కకు జరుగుతూ ఒక్కసారిగా మునిగితే జెల్ల పట్టుకుపోతోంది. నిలబడ్డ బెండు నీళ్ల మీద అడ్డంగా వాలితే, కింది నుంచి ఏదో చేప ఎరను నోట పట్టి పైకి లేచింది. దారం మీద బరువు తగ్గింది కనుకే బెండు వాలింది.

మా మేనకోడలికి ఈ చివరి సంగతి చెప్పి ఊరుకున్నాను. ఒకనాడు కాలువ గట్టున నేను ఎర్రలు ఏరుతుంటే, “మామయ్యా, బెండు పడుకుంది!” అని తనే అరిచింది. “లాగమ్మా” అనే లోపే కర్ర ఎత్తేసింది. కొక్కేనికి తెల్లటి పరిగె, తోక దగ్గర నల్లటి చుక్క. దాన్ని చూస్తూ తను వేసిన మొదటి ప్రశ్న “బెండు ఎందుకు పడుకుంది?” అని. ఏడు చేపల కథ విని పెరిగే మన పిల్లలకు ‘ఎందుకు’ అని తీగ లాగడం కొత్త కాదు. చెరువు దగ్గర ఆ ప్రశ్నకు జవాబు కళ్లెదుటే తేలుతుంది.

వయసును బట్టి పని

నాలుగైదేళ్ల వాళ్లకు ఎర్రలు ఏరడం, బెండు మీద కన్నేసి ఉంచడం చాలు. ఆరు దాటాక సొంత కర్ర ఇవ్వొచ్చు. ఎనిమిది, తొమ్మిదేళ్లకు ఎర గుచ్చడం, చేపను విడిపించడం నేర్పొచ్చు. ఏ వయసు వాళ్లకైనా మొదట్లో గంట సేపు మించనివ్వకండి. ఇంకాసేపు ఉందామని వాళ్లు అడుగుతుండగానే లేస్తే మళ్లీ వస్తారు. మధ్యలో లకుముకి పిట్టను చూస్తూ గాలం మరిచిపోతే కోప్పడొద్దు. ఆ పిట్ట కూడా అదే చేప కోసం వచ్చింది, గమనించమనండి. పెద్దవాళ్లు తమ గాలం ఇంటి దగ్గరే వదిలి వెళ్లడం మేలు. రెండు బెండ్లను ఒకే కన్ను చూడలేదు, పిల్లను అసలే చూడలేదు.

నీటి దగ్గర పిల్లను చేయి చాపితే అందేంత దగ్గర కూర్చోబెట్టుకోవాలి. నీట మునిగే ప్రమాదాలను ఆపాలన్న పిలుపుతో 2021లో ఐక్యరాజ్యసమితి ఏటా జూలై 25ను ప్రత్యేక దినంగా ప్రకటించింది. మన దగ్గర మట్టి తవ్విన చెరువుల్లో గట్టు పక్కనే ఆకస్మికంగా లోతు గుంతలుంటాయి. పైనుంచి చూస్తే తెలియవు. అలుగు, తూము, జారుడు మెట్ల దగ్గర కూర్చోవద్దు.

చేపలతోనూ జాగ్రత్త కావాలి. జెల్ల వీపు మీదా, మొప్పల వెనకా ఉండే ముళ్లు నిక్కితే మళ్లీ తేలిగ్గా ముడుచుకోవు. నల్లగా, మీసాలతో ఉండే ఇంగిలాయి ముల్లు విషపు ముల్లు. ఈ రెండింటినీ కొక్కెం నుంచి పెద్దలే విడిపించాలి. ఇంగిలాయి గుచ్చితే తట్టుకోగలిగినంత వేడి నీళ్లలో ఆ చోటు ఉంచితే నొప్పి తగ్గుతుంది. నీళ్ల వేడి ముందు పెద్దలు తమ చేతితో చూడాలి, ఆపైన డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

చెరువుకూ మర్యాద ఉంది

చాలా ఊళ్లలో చెరువులో చేపల మీద హక్కు మత్స్యకారుల సహకార సంఘానిది. చేపపిల్లలు వదిలి, కాపలా కాసి, వాటి మీదే వాళ్లు బతుకుతారు. పిల్లలను వెంటబెట్టుకుని వెళ్లి, “అన్నా, మా పాప గాలం వేసుకోవచ్చా?” అని అడగండి. అలా అడగడం చూసిన పిల్ల, నీళ్ల మీద మరొకరి కష్టం ఉందని తెలుసుకుంటుంది. అభయారణ్యాల్లోని నీళ్ల జోలికి పోవద్దు.

తొలకరి వరదకు ఎదురెక్కే చేపలు గుడ్లు పెట్టడానికి పోతున్నాయి, వాటిని చూసి ఆనందించాలి, పట్టకూడదు. వానాకాలంలో ఎర్రటి చేపపిల్లల గుంపు నీటిపైన ముద్దగా తిరుగుతుంటే, దాని కిందే కొర్రమీను జంట కాపలా ఉంటుంది. తెలంగాణ రాష్ట్ర చేప అదే. అక్కడ గాలం వేసి తల్లిదండ్రులను పడితే ఆ పిల్లలన్నీ ఇతర చేపల పాలవుతాయి. ఈ సంగతి ఒక్కసారి కంటితో చూసిన పిల్లకు మళ్లీ చెప్పనక్కర్లేదు.

వదిలేయదలచుకున్న చేపను తడి చేత్తోనే పట్టుకోవాలి. పొడి చేయి దాని ఒంటి మీది జిగురు పొరను ఊడదీస్తుంది, ఆ పొర పోతే రోగాలు సోకుతాయి. తినదలచుకుంటే కొట్టుకులాడేలా వదలకుండా వెంటనే ప్రాణం తీయాలి. ఈ పని పిల్లల నుంచి దాచొద్దు. కూర వెనక ఒక ప్రాణం ఉందని తెలిసిన పిల్ల కంచంలో పారేయడానికి ఆలోచిస్తుంది. తెగిన తంగూసు ముక్కలు ఏరి ఇంటికి తెచ్చుకోవాలి, వాటిలో కొంగల కాళ్లు చిక్కుకుంటాయి.

తెచ్చిన పరిగెలను గళ్లుప్పు వేసి గరుకు రాతి మీద రుద్ది, పొట్ట నొక్కి కడగడంలో పిల్లలకూ పని పంచండి. పసుపు, కారం పట్టించి కరకరలాడేలా వేయిస్తే ముల్లుతో సహా తినొచ్చు, ఎముకలకు కావలసిన కాల్షియమూ అందుతుంది. తను పట్టిన చేపను నాన్నమ్మ కంచంలో వేసే పిల్ల గర్వం మార్కుల పట్టికలో కనిపించేది కాదు.

ఈ విద్యకు బడి లేదు. ముడి వేసే వేళ్లను పక్కన కూర్చుని చూస్తేనే అబ్బుతుంది. ఆ వేళ్లు ఇంకా ప్రతి ఊళ్లోనూ ఉన్నాయి గానీ, వాటి పక్కన కూర్చునే పిల్లలు తగ్గారు. ఈ దసరా సెలవులకు ఊరికి వెళ్తే తాతయ్యనో, పక్కింటి పెదనాన్ననో అడిగి పిల్లలతో ఒక గాలం కట్టించండి. ఖర్చు కొక్కేనికీ దారానికీ మాత్రమే, కావలసిందల్లా ఒక ఉదయం పూట పెద్దల తీరిక.