రాయి లేని సీమలో రోలు

బందరులో పునాది తవ్వితే గునపానికి రాయి తగలదు. గుడివాడలోనూ అంతే. దివిసీమ సంగతి అసలు చెప్పక్కర్లేదు. నల్లమట్టి, దాని కింద ఇసుక, ఇంకా దిగితే ఉప్పునీరు. ఈ ప్రాంతానికి రాయి ఎప్పుడూ బండెక్కి వచ్చిన చుట్టమే. ఘంటసాల బౌద్ధశిల్పాలకు వాడిన సున్నపురాయి పల్నాటిది. బందరు పోర్టు దగ్గర అలలకు అడ్డంగా పోసిన బండలూ టిప్పర్లలో వచ్చినవే. పెరట్లో ఉన్న రోలూ అలా వచ్చిందే.

రోళ్ళకు గంట్లు కొట్టేవాళ్ళు వీధుల్లో తిరిగిన రోజులు యాభై దాటినవాళ్ళకు గుర్తుంటాయి. సుత్తి, ఉలి, కూర్చోడానికి గోనెసంచి: అదే సరంజామా. అరిగి నున్నబడిన రోట్లో పప్పు జారుతుందే తప్ప నలగదు. దాన్ని మళ్ళీ గరుకు చెయ్యాలి. అందుకు కండబలం కంటే రాయి ఎరిక ముఖ్యం. బూడిదరంగు రోట్లో గాజులా కనిపించేది పలుగురాయి, ఒక పట్టాన ఉలికి లొంగదు. పాలరంగులోనో లేతగులాబీలోనో ఉండే ఫెల్‌స్పార్ చదునుగా విరుగుతుంది. మినుకుమినుకుమనే కాకిబంగారం పొరలుగా ఊడుతుంది. కాలేజీలో గ్రానైట్ పాఠం మొదలయ్యేదీ ఈ మూడింటితోనే. గంట్లు కొట్టే మనిషి ఆ పుస్తకం చదవకపోవచ్చు, తేడా మాత్రం వేలితో తడిమి చెప్పేవాడు.

మూడు తరాలు దంచినా రోలు పగలకపోవడానికి ఆ గింజలు ఒకదాన్నొకటి కరుచుకుని ఉండటమే కారణం. కరిగిన రాయి కిలోమీటర్ల లోతున, ఎంతో నెమ్మదిగా చల్లారితేగానీ అలా కుదరదు. మరి ఆ కరిగిన రాయి ఎక్కడిది?

భూమి వయసు సుమారు 454 కోట్ల ఏళ్ళు. తొలినాళ్ళ పైపొర చాలావరకు బసాల్ట్ లాంటి నల్లరాయి. అది నీటిని పట్టుకుని లోతుకు దిగింది. నీరు చేరిన రాయి తక్కువ వేడికే కరుగుతుంది, అదీ మొత్తం కాదు, కొంతే. ఆ కరిగిన భాగంలో సిలికా, సోడియం ఎక్కువ, బరువు తక్కువ. అందుకే పైకి లేచి గడ్డకట్టింది. అలా పుట్టిన టోనలైట్, ట్రాంజెమైట్, గ్రానోడయొరైట్‌లను కలిపి శాస్త్రవేత్తలు టీటీజీ అంటారు. తొలి ఖండాల్లో పెద్దవాటా వీటిదే. ఆ బసాల్ట్ పొర నేటి భూఫలకాల్లాగే ఒకదాని కిందికొకటి జారిందా, లేక దళసరి పొర అడుగునే కరిగిందా అన్న వాదన ఇంకా తెగలేదు. తర్వాత టీటీజీ సైతం మళ్ళీ కరిగి, పొటాషియం ఎక్కువున్న అసలు గ్రానైట్‌ను ఇచ్చింది. బెంగళూరు లాల్‌బాగ్ గుట్టలోని నైస్ అనే రాయి వయసు సుమారు 300 కోట్ల ఏళ్ళు, హైదరాబాద్ బండలది సుమారు 250 కోట్ల ఏళ్ళు.

సముద్రాలు లేని గ్రహం మీద గ్రానైట్ ఖండాలు ఏర్పడవని 1983లో క్యాంప్‌బెల్, టేలర్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు వాదించారు. కాలవ నీళ్ళ మీద బతికే కృష్ణా డెల్టావాళ్ళు వెంటనే ఒప్పుకునే సిద్ధాంతం ఇది!

డెల్టాలో రాయి లేదన్న మాట పైపైనే నిజం. చమురు, గ్యాస్ కోసం వెతికినవాళ్ళు గీసిన పటాల్లో 'గుడివాడ గ్రాబెన్' అని ఒకటుంది. గ్రాబెన్ అంటే నేల సాగి, చిట్లి, రెండు పగుళ్ళ మధ్య దిగబడిన భాగం. ఇండియా, అంటార్కిటికా విడిపోయిన కాలంలో ఇక్కడ నేల అలాగే దిగింది. దానికీ బంటుమిల్లి వైపున్న మరో గ్రాబెన్‌కూ మధ్య కాజ–కైకలూరు గట్టు లేచి ఉంది. ఇదంతా కిలోమీటర్ల మందాన మట్టి, ఇసుక పొరల కింద, పురాతన స్ఫటికశిల మీద.

పైనున్న మట్టి కూడా రాయికి పరాయిది కాదు. ఫెల్‌స్పార్ నీటికి కుళ్ళి బంకమన్నవుతుంది, పలుగు ఇసుకై మిగులుతుంది. తుంగభద్ర అరగదీసిన ధార్వాడ రాళ్ళూ, ఎగువ కృష్ణ తెచ్చిన దక్కన్ బసాల్టూ కలిసి హంసలదీవి దాకా పరుచుకున్నాయి. అదే మన వరిమడి. దీనికి తిరగేసిన కథ బెజవాడ కొండల్లో ఉంది. అక్కడి ఖోండలైట్ ఒకనాటి బంకమన్నే, వేడికీ ఒత్తిడికీ ఎర్రటి గార్నెట్ గింజలు పట్టి రాయి అయింది.

మిక్సీలొచ్చాక గంట్లు కొట్టేవాళ్ళ కేక వినపడటం అరుదైంది. వంటింటి గట్టు మీద మెరిసే చీమకుర్తి గ్యాలక్సీని దుకాణంలో గ్రానైట్ అనే అమ్ముతారు గానీ అది గ్యాబ్రో జాతి. గ్రానైట్ కుటుంబానికి చెందిన రోలేమో కొబ్బరిచెట్టు కింద బోర్లా పడి ఉంటుంది.

డెల్టా బడుల హెడ్మాస్టర్లకు ఒక మనవి. ఊళ్ళో ఎవరో వదిలేసిన రోలు ఒకటి బడికి తెప్పించండి. నున్నటి నల్లది వద్దు, అది డోలరైట్ కావచ్చు. గింజలు కంటికి కనిపించే బూడిదరంగుది చూడండి. శుభ్రంగా కడిగించి, ఎండలో పెట్టి, పిల్లల చేతికి భూతద్దం ఇవ్వండి.