చివరి స్లాష్ దగ్గర కోత

లినక్స్‌లో నాకు రోజూ పనిపడే కమాండ్లలో రెండు మరీ చిన్నవి: బేస్‌నేమ్, డిర్‌నేమ్. పొడవాటి పాత్ ఇస్తే మొదటిది చివరనున్న పేరు ఇస్తుంది, రెండోది ఆ పేరు తీసేసి ఫోల్డరు దారి మిగులుస్తుంది. "/ఫొటోలు/పెళ్లి/తాళి.జేపీజీ" అని ఇచ్చామనుకోండి. ఒకటి "తాళి.జేపీజీ" అంటుంది, ఇంకోటి "/ఫొటోలు/పెళ్లి" అంటుంది. బేస్‌నేమ్‌కు వెనకాల ".జేపీజీ" కూడా తగిలిస్తే ఉత్త "తాళి" వస్తుంది. 1979 నాటి యూనిక్స్ ఏడో వెర్షన్‌లోనే బేస్‌నేమ్ ఉంది.

నాకు నచ్చేది వీటి పట్టనితనం. డిస్కు వంక చూడనే చూడవు. కవరు మీద అడ్రసు చదివేవాడికి ఆ ఇల్లుందో లేదో ఎందుకు? అందుకే ఇంకా పుట్టని ఫైలుకు కూడా ముందే పేరు కట్టుకోవచ్చు: ఉన్నది తాళి.జేపీజీ, దాన్నుంచి చేయబోయేది తాళి.పీఎన్‌జీ.

వేల ఫైళ్ల లూపులో మాత్రం ఇవి భారమే. పిలిచిన ప్రతిసారీ ఓ కొత్త ప్రాసెస్ లేవాలి. బాష్ షెల్ అయితే ఆ కోత తనే కోస్తుంది. వేరియబుల్ పేరు పక్కన ##*/ రాస్తే చివరి స్లాష్ దాకా ఉన్నదంతా పోతుంది. %/* రాస్తే ఆ స్లాష్ నుంచి వెనకున్నదంతా పోతుంది. కుర్రాళ్లు ఇదే చాలంటారు, నేను పూర్తిగా ఒప్పుకోను. స్లాష్ లేని "తాళి.జేపీజీ" ఇచ్చి చూడండి. డిర్‌నేమ్ బుద్ధిగా ఒక చుక్క ఇస్తుంది, అంటే ఇప్పుడున్న ఫోల్డరేనని. %/* కు కోయడానికేమీ దొరకదు, ఫైలు పేరే తిరిగి చేతిలో పెడుతుంది. స్క్రిప్టు దాన్నే ఫోల్డరనుకుని ముందుకు పోతుంది. పాత్ చివర్న స్లాష్ మిగిలిపోతే ##*/ ఇచ్చేది ఖాళీ. బేస్‌నేమ్ ఆ స్లాష్‌ను లెక్కచేయదు.

ఎక్స్‌టెన్షన్ల సంగతి ఇంకా చిక్కు. "లెక్కలు.2024.టార్.జీజెడ్" మీద %.* వాడితే జీజెడ్ ఒక్కటే ఊడుతుంది, టార్ అలాగే వేలాడుతుంది. %%.* వాడితే సంవత్సరమూ కొట్టుకుపోతుంది. ఎక్కడ ఆగాలో షెల్‌కు తెలియదు, రాసేవాళ్లే చెప్పాలి.

ఏ పద్ధతి వాడినా సరే, వేరియబుల్‌కు అటూ ఇటూ డబుల్ కోట్స్ పెట్టండి. మనవాళ్లు "పెళ్లి ఫొటోలు ఫైనల్ 2" అని ఖాళీలతోనే పేర్లు పెడతారు. కోట్స్ లేకపోతే షెల్ దాన్ని నాలుగు ముక్కలు చేసి, నాలుగు వేర్వేరు ఫైళ్లనుకుంటుంది.