పొయ్యి ఆరిన జాము

కుటుంబముతో దూరదేశము పోవువారు ఏ బసలో దిగవలెనని నన్నడుగునప్పుడు, మీతో వచ్చు పెద్దలు రాత్రివేళ ఎన్నిమారులు లేతురు, పిల్లలు నిద్రలో దుప్పటి తన్నివేతురా అని ముందుగా నేనే వారిని అడుగుదును. డెబ్బదియేండ్లు దాటిన మా యమ్మను, ఆరేండ్ల పాపను వెంటబెట్టుకొని, మేమిద్దరమును మంగోలియాలో పండ్రెండు దినములు తిరిగి వచ్చిననాటినుండి నాకీ యలవాటు పట్టువడినది.

పదిహేను లక్షల చదరపు కిలోమీటర్లకు మించిన ఆ దేశమున జనసంఖ్య సుమారు 35 లక్షలు మాత్రమే. వారిలోను దాదాపు సగము మంది రాజధానియగు ఉలాన్‌బాతర్‌లోనే కాపురముందురు. నగరము దాటినంతనే గడ్డి, గాలి, ఆకాశము. రాజధానినుండి ఖర్ఖోరిన్‌కు గల 360 కిలోమీటర్ల చిల్లర దూరమును తారురోడ్డుమీద పగటిపూటనే సుఖముగా గడచితిమి కాని, అచ్చటినుండి ఓర్ఖోన్ లోయలోని జలపాతమునకు, అందులో మూడవ వంతు దూరమే యైనను, మా రష్యా వ్యాను రాళ్లమీద ఊగిసలాడుచు ఒక పూటంతయు తీసికొన్నది. కావున పిల్లలు, వృద్ధులు గలవారు దినమునకొక బస మార్పక, చోటునకు రెండేసి రాత్రులైనను నిలువవలెను. నాదమ్ ఉత్సవము జరుగు జులై 11 మొదలు 13 వరకు నగరమున గది దొరకుట దుర్లభము. చాల ముందుగా చెప్పి ఉంచుకొనవలెను.

పల్లెపట్టున బస యనగా గెర్: మడతపడు కొయ్యజాలపు గోడ, దానిపై గొఱ్ఱెయున్నిని తడిపి అదిమి చేసిన మందపు కప్పు, దక్షిణమునకు తెరచుకొను పొట్టి తలుపు, నడుమ ఇనుపపొయ్యి. మరుగుదొడ్డి దూరముగా నుండును. మోకాళ్ల నొప్పిగల వారున్నచో దానికి దగ్గరగా నుండు గెర్‌నే కోరవలెను. టార్చిలైటు తలాపిననే ఉండవలెను.

మొదటిరాత్రి మేము పొయ్యినిండ కట్టెలు కుక్కితిమి. అరగంటలో చెమటలు పట్టినవి. పాప దుప్పటి తన్నివేసి నిద్రపోయెను. మూడవ జాములో నిప్పు చల్లారి, జులై నెలయని కూడ చూడక, చలి యెముకలకు తాకినది. మెలకువ వచ్చి చూచితిని గదా, అమ్మ తన శాలువను పాపకు కప్పి, తాను మోకాళ్లు పొదివిపట్టుకొని కూర్చున్నది. ఆ దృశ్యము నన్ను నేటికిని బాధించును.

తెల్లవారి ఇంటి యిల్లాలు వచ్చి, రెండు సన్నని పుల్లలు రాజేసి, వానిపై ఎండిన పేడముక్కలు పేర్చి, బూడిద తలుపును వ్రేలెడు సందుమాత్రము వదలి మూసినది. అమ్మ వంగి చూచి, "ఇది మన పిడకల పొయ్యే గదరా అబ్బాయీ" అన్నది. ఆ తరువాత ఆమెకు నేను నేర్పవలసినది లేకపోయినది. గడప త్రొక్కరాదు, నిప్పులో చెత్త వేయరాదు అను అక్కడి మర్యాదలు ఆమెకు పుట్టింటినాటివే. ఖర్ఖోరిన్‌లో 1586లో కట్టిన ఎర్దెనె జూ మఠమును చూచునప్పుడు, ఆ 'ఎర్దెనె' మన 'రత్నము'నుండి వచ్చినదేయని చెప్పగా, ఆ మాటను రెండుమారులు పలికి మురిసిపోయినది. నాకు క్రొత్తగా తెలిసినది ఒకటే: ఎవరి గెర్ సమీపించినను తలుపు తట్టక, 'నొఖోయ్ ఖోర్', అనగా కుక్కను పట్టుకొనుడని, దూరమునుండియే కేకవేయవలెను. పాప దీనిని అందరికంటె బిగ్గరగా అరచెడిది.

శాకాహారులు బియ్యము, కందిపొడి, ఆవకాయ మూటగట్టుకొని పోవలెను. అక్కడ భోజనమనగా ప్రధానముగా మాంసమే. ఉప్పు వేసిన పాలటీ మాత్రము మాకు రెండవనాటికే రుచించినది.

కడపటిదినమున నేను లేచునప్పటికి పొయ్యి వెచ్చగా నున్నది. కప్పునడిమి చక్రమునుండి దిగిన యెండ పడమటి గోడమీద గుండ్రముగా పడినది. ఇల్లాలు పేడముక్కలు అందించుచుండగా అమ్మ వానిని ఒక్కొక్కటిగా పొయ్యిలో పెట్టుచున్నది.