‘గల’ నుంచి ‘స్వరూపి’ వరకు: తెలుగు బైబిలులో దైవగుణ వాచకాలు

తెలుగు క్రైస్తవ సాహిత్యాన్ని అంచనా వేసేటప్పుడు విమర్శకులు చేసే ఒక విభజన ఉంది. దాని ప్రకారం భావం బయటినుంచి వచ్చింది, పలుకుబడి ఇక్కడిది. కరుణ, కృప, ప్రేమ, నీతి వంటి మాటలు భక్తి కవిత్వం నుంచి తెచ్చుకొన్న పైతొడుగులని, వాటి లోపలి సిద్ధాంతం వేరే భాషల్లో ముందే స్థిరపడిందని ఈ విభజన అనుకొంటుంది. దేవుని గుణాలను చెప్పే తెలుగు పదాల నిర్మాణాన్ని పరిశీలిస్తే ఈ ఊహ నిలవదు. గుణానికీ గుణికీ మధ్య సంబంధం ఏమిటన్నది క్రైస్తవ వేదాంతంలో ప్రధానమైన ప్రశ్నలలో ఒకటి. తెలుగు అనువాదం ఆ ప్రశ్నకు ప్రత్యయాల స్థాయిలోనే సమాధానాలు చెప్పింది. ఆ సమాధానాలను గుర్తించడం ఈ వ్యాస లక్ష్యం. భారత బైబిలు సంఘం ప్రచురణగా సంఘాలలో విస్తృతంగా చదువుతున్న పాత అనువాదాన్ని ఇందుకు ఆధారంగా తీసుకోవడమైనది.

1. గుణమా, స్వరూపమా?

క్రైస్తవ వేదాంతం దైవగుణాలను సాధారణంగా రెండు వర్గాలుగా చూపుతుంది. స్వయంభూత్వం, అనంతత్వం, మార్పులేమి, సర్వవ్యాపకత్వం వంటివి దేవునికి మాత్రమే చెందేవి. ప్రేమ, కనికరం, నీతి, జ్ఞానం వంటివి మనుషులలోనూ కొంతమేరకు ప్రతిఫలించేవి. సంస్కరణోద్యమ సంప్రదాయంలో ఈ విభజన బాగా స్థిరపడింది. అయితే దీనికి ముందే ఎదురయ్యే ప్రశ్న మరొకటి ఉంది. మనిషికి మంచితనం ఉన్నట్లే దేవునికి మంచితనం ‘ఉందా’? అలా అయితే దేవుడు వేరు, మంచితనం వేరు కావాలి. అప్పుడు దేవుడు తనకంటె వేరైన దానివల్ల మంచివాడవుతాడు.

ఈ చిక్కును గుర్తించిన ఆగస్టీను, దేవుని విషయంలో ఉండటమూ జ్ఞానవంతుడై ఉండటమూ ఒకటేనని ‘త్రిత్వము’ గ్రంథంలో ప్రతిపాదించాడు. 13వ శతాబ్దంలో థామస్ అక్వినాస్ ‘సుమ్మా థియొలాజియే’ తొలి భాగంలో, దేవుని ఉనికిని గురించిన చర్చ ముగియగానే, దేవునిలో భాగాల కలయిక ఏదీ లేదన్న అఖండత్వ సిద్ధాంతాన్ని చేపట్టాడు. గుణాలన్నీ దేవునిలో ఒకటే అయినప్పుడు వాటి పేర్లన్నీ పర్యాయపదాలు కావా అన్న ప్రశ్నకూ అతడు జవాబిచ్చాడు. ఆ పేర్లు సూచించే సత్యం ఒకటే అయినా, మానవబుద్ధి దాన్ని వేర్వేరు భావనల ద్వారా అందుకొంటుంది కనుక అవి పర్యాయపదాలు కావన్నాడు.

భారతీయ దర్శనాలకు ఈ ప్రశ్న కొత్తది కాదు. న్యాయవైశేషికులు గుణం ద్రవ్యంలో సమవాయ సంబంధంతో ఉంటుందన్నారు. అద్వైతం స్వరూపలక్షణాన్ని తటస్థలక్షణం నుంచి వేరు చేసి, సత్యం, జ్ఞానం, అనంతం అన్నవి బ్రహ్మానికి చేరిన గుణాలు కావనీ, అవి బ్రహ్మ స్వరూపమేననీ చెప్పింది. రామానుజుడు బ్రహ్మాన్ని అనంతకల్యాణగుణాల నిలయంగా దర్శించాడు. మధ్వుడు గుణగుణులకు అభేదం చెప్పి, వ్యవహారంలో కనిపించే భేదాన్ని ‘విశేషం’ అనే భావనతో వివరించాడు. క్రైస్తవ అఖండత్వ సిద్ధాంతానికి తర్కరీత్యా మధ్వుని వివరణ దగ్గరగా కనిపిస్తుంది. దానిని నిర్గుణవాదమని పిలవడం సరికాదు. ఆ సిద్ధాంతం గుణాలను తిరస్కరించదు, దేవునికి వెలుపల వాటికి చోటులేదని మాత్రమే అంటుంది. తెలుగు అనువాదానికి అందుబాటులో ఉన్న పదజాలం ఇన్ని వాదాల మధ్య అర్థం సంతరించుకొన్నదే.

2. ‘గల’: కలిగి ఉండటం

దైవగుణాలను చెప్పడానికి తెలుగు బైబిలులో కనిపించే సరళమైన మార్గం ‘గల’. ఆదికాండము 17వ అధ్యాయంలో దేవుడు ‘సర్వశక్తిగల’ వాడు. నిర్గమకాండము 34వ అధ్యాయంలో మోషే ఎదుట ప్రకటితమయ్యే గుణాల వరుస కూడా ‘గల’తోనే ముగుస్తుంది. ఇది స్వామ్యాన్ని తెలిపే నిర్మాణం. పొలం గల రైతు, శక్తి గల దేవుడు అన్నవి వ్యాకరణరీత్యా ఒకే తీరు. ప్రకటన గ్రంథం మొదటి అధ్యాయంలో మాత్రం గ్రీకు మూలంలోని సర్వపాలక వాచకానికి ‘సర్వాధికారి’ అన్న మాట వచ్చింది. మొదటిది కలిగి ఉన్న శక్తిని చెబుతుంది, రెండవది వహించే అధికారాన్ని చెబుతుంది. సర్వశక్తి అంటే ఏదైనా చేయగల బలమా, అన్నిటిపై చెల్లే ఏలుబడా అన్న వేదాంత చర్చకు ఈ రెండు మాటలే తెలుగులో ప్రవేశద్వారం కాగలవు.

నిర్గమకాండములోని వరుసలో ‘దీర్ఘశాంతము’ ప్రత్యేకంగా గమనించదగింది. హెబ్రీ మూలంలోని పలుకుబడికి అక్షరార్థం ‘ముక్కు పొడవుగా ఉండటం’. కోపం ముక్కుపుటాల్లో రగులుతుందన్న భావన నుంచి, త్వరగా కోపించకపోవడం అనే అర్థం దానికి వచ్చింది. అక్కడ కోపం ఉంది, అది రావడంలో జాగు ఉంది. తెలుగు పదంలో ‘దీర్ఘ’ నిలిచింది కానీ, అది కోపపు ఆలస్యాన్ని విడిచి శాంతపు నిడివికి విశేషణమైంది. కోపాన్ని అణచుకొంటున్న దేవుడు తెలుగులో చెదరని శాంతం గలవాడయ్యాడు.

ఈ మార్పు చిన్నదిగా కనిపించినా దాని వెనుక పెద్ద వివాదం ఉంది. దేవుడు బాధకూ ఉద్వేగానికీ లోనుకాడన్నది ప్రాచీన సంప్రదాయం. 11వ శతాబ్దంలో ఆన్సెల్మ్ ‘ప్రొస్లోజియన్’లో, ఉద్వేగం లేని దేవుడు కనికరం గలవాడెలా అవుతాడని ప్రశ్నించుకొని, ఆ కనికరం మన అనుభవాన్ని బట్టి కనికరమే కానీ దేవుని అనుభవాన్ని బట్టి కాదని సమాధానపడ్డాడు. 20వ శతాబ్దంలో కిటమోరి, మోల్ట్‌మన్ వంటివారు సిలువను కేంద్రంగా చేసుకొని దేవుని వేదనను గురించి మాట్లాడారు. ఈ వివాదంలో ‘దీర్ఘశాంతం’ అన్న తెలుగు మాట, ఎవరి ప్రమేయమూ లేకుండానే, ప్రాచీన సంప్రదాయం వైపు మొగ్గుతుంది.

అదే గుణావళి 103వ కీర్తనలో మళ్లీ వచ్చినప్పుడు ‘దయాదాక్షిణ్యపూర్ణుడు’, ‘దీర్ఘశాంతుడు’ అన్న రూపాలు కనిపిస్తాయి. గద్యంలో కలిగి ఉన్న గుణం, గేయంలో గుణిని నింపిన గుణమైంది. పూర్ణత్వం స్వామ్యానికీ అభేదానికీ నడుమ మెట్టు.

3. ‘స్వరూపి’: అభేదమూ స్వామ్యమూ

యోహాను పేరిట ఉన్న రచనలలో దేవుణ్ణి నిర్వచించే మూడు వాక్యాలున్నాయి. వాటిలో దేవుడు ఆత్మ, వెలుగు, ప్రేమ. గ్రీకులో ఈ మూడింటికీ నామవాచకమే విధేయం. తెలుగులో మూడు తీరులు కనిపిస్తాయి. సువార్త 4వ అధ్యాయంలో ‘ఆత్మ’ నేరుగా విధేయంగా నిలిచింది. మొదటి పత్రిక మొదటి అధ్యాయంలో ‘వెలుగై’ అన్న రూపం ఉండుధాతువుతో కలిసింది. అదే పత్రిక 4వ అధ్యాయంలో ‘ప్రేమాస్వరూపి’ వచ్చింది. ఆత్మ, వెలుగు అన్న మాటలు దేవునికి విధేయాలుగా ఇమిడిన చోట ప్రేమకు మాత్రం అదనపు పదం అవసరమైంది. ‘దేవుడు’ మహద్వాచకం, ‘ప్రేమ’ భావవాచకమైన అమహత్తు. రెండింటినీ పక్కపక్కన పెడితే దేవుణ్ణి ఒక భావంగా మార్చినట్లు తోచే ప్రమాదం ఉంది. ‘స్వరూపి’ ఆ ప్రమాదాన్ని తప్పించి, ప్రేమను వ్యక్తిత్వంతో ముడివేసింది.

సంస్కృత సమాస నియమం ప్రకారం ‘ప్రేమస్వరూపి’ అని ఉండాలి. దీర్ఘంతో కూడిన రూపమే వాడుకలో స్థిరపడింది. అంతకంటె ముఖ్యమైనది చివరనున్న ఇన్ ప్రత్యయం. అది మత్వర్థకం, అంటే ‘కలవాడు’ అన్న అర్థాన్నిచ్చేది. స్వరూపి అంటే స్వరూపం కలవాడు. అభేదాన్ని చెబుతున్నట్లు కనిపించే ఈ పదంలో ‘గల’ దాగి ఉంది. అయితే ఇక్కడ కలిగి ఉన్నది తన స్వరూపాన్నే. స్వామ్యం తనమీదికే తిరిగి అభేదంగా మారింది. దేవునికి ఉన్నదీ దేవుడైనదీ ఒకటేనని ఆగస్టీను, అక్వినాస్ వాదంతో స్థాపించిన దానికి సాటివచ్చే నిర్మాణం తెలుగులో ఒక్క సమాసంలో దొరికింది.

4. ధరించే స్వరూపం

ఇంతటితో ఆగితే ‘ప్రేమాస్వరూపి’ని అద్వైతుల స్వరూపలక్షణంగా చదివే వీలుంది. అదే అనువాదంలో ‘స్వరూపం’ ఇంకెక్కడ వాడారో చూస్తే ఆ పఠనానికి హద్దు ఏర్పడుతుంది. ఆదికాండము మొదటి అధ్యాయంలో మనిషి దేవుని ‘స్వరూప’మందు సృష్టి అయ్యాడు. అక్కడ హెబ్రీ మాటకు ప్రతిమ అని అర్థం. ఫిలిప్పీయులకు రాసిన పత్రిక 2వ అధ్యాయంలో క్రీస్తు దేవుని స్వరూపం కలిగినవాడై, దాసుని స్వరూపాన్ని ధరించుకొన్నాడు.

‘ధరించుకొను’ అన్న క్రియ కీలకం. వేదాంత పరిభాషలో స్వరూపం ధరించేది కాదు, విడిచేదీ కాదు. ధరించేది వేషం, ఉపాధి. తెలుగు బైబిలు ఈ నియమాన్ని దాటి, మారని దానికీ స్వీకరించిన దానికీ ఒకే మాట వాడింది. వాడుకలో ‘స్వరూపం’ రూపాన్నీ సూచిస్తుంది కనుక శ్రోతకు ఇది అసహజంగా తోచదు. ఫలితంగా ‘ప్రేమాస్వరూపి’ రెండు అర్థాలను మోస్తుంది: ప్రేమే తన స్వభావమైనవాడు, ప్రేమగా రూపుదాల్చినవాడు. మొదటిది గుణ నిర్వచనం, రెండవది అవతార కథనం. పత్రికా సందర్భం ఈ కలయికను సమర్థిస్తుంది. అక్కడ ప్రేమను గురించిన వాక్యానికి వెంటనే, దేవుడు కుమారుణ్ణి పంపడమే ఆ ప్రేమకు నిదర్శనమన్న వివరణ వస్తుంది. గుణాన్ని తర్కంతో కాక చరిత్రలో జరిగినదానితో తెలుసుకోవాలన్నది ఆ వివరణ సారం.

5. విమర్శకు సూచన

వైష్ణవ నేపథ్యం నుంచి వచ్చిన పురుషోత్తమ చౌదరి (1803–1890) కీర్తనలను గానీ, 1964లో కేంద్ర సాహిత్య అకాడెమీ పురస్కారం పొందిన జాషువ ‘క్రీస్తు చరిత్ర’ను గానీ చదివేటప్పుడు ఈ పరిశీలన ఉపయోగపడుతుంది. దైవగుణం కవిత్వంలో తరచు సంబోధనగా మారుతుంది. దాశరథీ శతక మకుటంలోని ‘కరుణాపయోనిధీ’ వంటి పిలుపులో గుణం వర్ణనగా ఆగిపోక, ఆ గుణానికి తగినట్లు ప్రవర్తించమన్న అడుగుదలగా నిలుస్తుంది. క్రైస్తవ కవి ఇటువంటి సంబోధనను స్వీకరించినప్పుడు భక్తి కవిత్వాన్ని అనుకరించాడని తేల్చడం తేలిక. అతడు ఎంచుకొన్నది ‘గల’నా, ‘పూర్ణుడు’నా, ‘నిధి’నా, ‘స్వరూపి’నా అని అడగడం అవసరం. కలిగి ఉన్న దయను నిలిపివేయవచ్చు, కనుక అక్కడ వేడుకోలుకు, నిష్ఠురానికి చోటుంటుంది. దయే స్వరూపమైన చోట స్తుతికీ సమర్పణకూ ఎక్కువ చోటుంటుంది. నీతి, కనికరాల మధ్య ఘర్షణను కథగా నడపాలనుకొన్న కవికి మొదటి తీరు కావాలి, ఆ రెండూ సిలువలో ఒకటయ్యాయని చెప్పాలనుకొన్న కవికి రెండవది కావాలి.

తెలుగు అనువాదకులు సిద్ధాంత గ్రంథం రాయలేదు. అయినా వారు ఎంచుకొన్న ప్రత్యయాలు, ధరించదగిన స్వరూపమన్న వారి ప్రయోగం, దైవగుణాలను గురించి తెలుగులో ఆలోచించే తీరును నిర్ణయించాయి. భావం పరాయిది, మాట మనది అన్న విభజన ఇక్కడ చెల్లదు. ‘ప్రేమాస్వరూపి’లోని భావం గ్రీకు వాక్యంలో అంతే రూపంలో లేదు, సంస్కృత దర్శనాలలోనూ లేదు. తెలుగు క్రైస్తవ కవిత్వ విమర్శ ఆ మాటతోనే, తెలుగు వ్యాకరణం నుంచే మొదలుకావాలి.